చప్పుడు తీసేసిన కీబోర్డు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. షాపుకు పదిమంది వస్తే వందమంది వచ్చారంటాను. చిటికెడు దుమ్మును దోసెడంటాను. మా ఆవిడ నేను చెప్పే ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి గానీ నమ్మదు. మీరూ అలాగే భాగించుకుంటూ చదవండి, నేనేమీ అనుకోను. అయితే పెంచి చెప్పడం వేరు, లేనిది పుట్టించి చెప్పడం వేరు. ఈ అనుభవంలో నేను పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో ఆఖర్న నేనే చెబుతాను.

2004వ సంవత్సరం. ఆర్మూర్ బస్టాండు నుంచి మార్కెట్ దిక్కు పోయే దారిలో నా రిపేరు షాపు. కంప్యూటర్లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు, కీబోర్డులు బాగుచేసేవాణ్ని. షాపు ఎంత చిన్నదంటే, ఇద్దరు గిరాకీలు లోపలికొస్తే స్క్రూడ్రైవర్ బయట నిలబడాల్సి వచ్చేది. మాఘమాసం దాటిందంటే మా ఊరంతా పసుపే. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు పాలిష్ డ్రమ్ముల్లో దొర్లుతుంటే లేచే దుమ్ము గోడలకూ, బస్సులకూ, మనుషులకూ ఒకే రంగు వేసేది. ఆ రోజుల్లో తుమ్మి చేతిరుమాలు దులిపితే ఒకపూట పప్పుకు సరిపడా పసుపు రాలేది. వేళ్లు పసుప్పచ్చగా లేనివాడు కనిపిస్తే పొరుగు జిల్లా మనిషని అనుకునేవాళ్లం. ఎవరి వేళ్లు ఎందుకు పచ్చగా ఉన్నాయో మా ఊళ్లో ఎవరూ అడగరు.

ఆ దుమ్ముకు అన్నిటికంటే ముందు చచ్చేది కీబోర్డు. అప్పటికే బజారులో దొరికేవన్నీ మెంబ్రేన్ రకం. అంటే కీలన్నిటి కిందా ఒకటే ప్లాస్టిక్ పొర, రబ్బరు బొడిపెలు. పాడైతే పారేయడమే. పాత మెకానికల్ కీబోర్డు అలా కాదు. ఒక్కో అక్షరం కింద ఒక్కో స్విచ్. అందులో ఒక స్ప్రింగు, ఒక సన్నని రాగిరేకు, పైకీ కిందికీ కదిలే ప్లంజర్ అనే ముక్క. నూటొక్క కీలకు నూటొక్క స్విచ్చులు. ఒకటి చస్తే దాన్నొక్కదాన్నే పీకి ఇంకోటి పెట్టొచ్చు. తిప్పలల్లా ఆ ఇంకోటి ఎక్కడా అమ్మకపోవడమే. చచ్చిన మరో కీబోర్డులోంచి బతికున్న స్విచ్‌ను తీసుకోవాలి.

అందుకోసం నిజామాబాద్‌లో పాతసామాన్లవాళ్ల దగ్గరికి పోయి, ఆఫీసులు పారేసిన కీబోర్డుల బస్తాలు తెచ్చుకునేవాణ్ని. కంప్యూటర్ పుట్టకముందు నాటి కీబోర్డులు కూడా వాటిలో ఉండేవంటే నమ్మండి. స్విచ్ తీయడం పంటి డాక్టరు పనిలాంటిది. కీబోర్డు తిరగేస్తే ఒక్కో స్విచ్‌కు రెండు కాళ్లు, అవి పచ్చటి సర్క్యూట్ బోర్డుకు సీసంతో అతుక్కుని ఉంటాయి. సోల్డరింగ్ ఐరన్‌తో ఆ సీసాన్ని కరిగించి, కరిగిన క్షణంలోనే డీసోల్డరింగ్ పంపుతో లాగేయాలి. అదొక చిన్న పిచికారీ, కాకపోతే బయటికి చిమ్మదు, లోపలికి పీలుస్తుంది. ఆలస్యం చేస్తే బోర్డు మీది రాగిగీత లేచి వచ్చేస్తుంది. తీసిన ప్రతి స్విచ్‌నూ నొక్కి, మల్టీమీటరు పెట్టి చూసి, బతికినవి ఒక పచ్చడి జాడీలో, చచ్చినవి ఇంకో జాడీలో వేసేవాణ్ని.

బతికినవాటిలోనూ రెండు కులాలు. కొన్నింటిలో ప్లంజర్ రెండు ముక్కలుగా ఉండి, నొక్కగానే ఒకటి జారి ఇంకోదాన్ని కొడుతుంది. టక్కుమంటుంది. వాటిని నేను వాగుడు స్విచ్చులనేవాణ్ని. కొన్నింటిలో ప్లంజర్ ఒకటే ముక్క. నొక్కితే మెత్తగా దిగుతుంది, చప్పుడు రాదు. అవి మూగ స్విచ్చులు. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. కాళ్లు కూడా ఒకే చోట ఉంటాయి కనుక ఒకదాని బదులు ఇంకోటి కూర్చుంటుంది. నా కథంతా ఈ రెండింటి మధ్యనే నడిచింది.

పోశెట్టన్న ఆ ఫాల్గుణంలో మొదటిసారి నా షాపుకు వచ్చాడు. మాక్లూర్ మనిషి. రోజూ బస్సులో వచ్చి ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో టైపింగ్ చేసేవాడు. నలభై అయిదేళ్లుంటాయి. వెనకట మిషన్ మీద టైప్ నేర్చి పరీక్ష పాసైనవాడు. చంకలో తువ్వాల చుట్టిన మెకానికల్ కీబోర్డు. అది ఎంత బరువంటే బస్సులో కండక్టర్ దానికి అర టికెట్టు అడిగాడట.

"తమ్మీ, దీనికి ఓ ఆరు అక్షరాలు పల్కుతలెవ్వు. జర సూడు," అన్నాడు.

"పసుపు దుమ్ము పోయిందన్నా. ఆరు స్విచ్చులు మారిస్తే అయిపాయె."

"మార్చు గానీ, గా టక్కు మాత్రం పోవద్దు. ఏం జేసినా గా చప్పుడు గట్లనే ఉండాలె."

"ఎందుకన్నా, గంత పాణమా గా చప్పుడంటే?"

"చప్పుడు లేకుంటే నిద్ర వస్తది తమ్మీ," అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. వాగుడు స్విచ్చులు ఆరు వెతికి వేసి పంపాను.

ఆయన టైప్ చేయడం చూడాలి మీరు. పింఛను రాలేదని ఒక ముసలమ్మ, పట్టాలో పేరు తప్పు పడిందని ఒక రైతు, బోరుకు కరెంటు కావాలని ఇంకొకాయన వచ్చి ఆయన ముందు కూర్చుని తమ గోడంతా చెప్పుకునేవాళ్లు. పోశెట్టన్న కీబోర్డు చూసేవాడు కాదు, స్క్రీన్ చూసేవాడు కాదు. చెప్పేవాళ్ల మొహంలోకే చూస్తూ, తలూపుతూ, "ఊఁ, చెప్పు పెద్దమ్మా," అంటూ ఉండేవాడు. చేతులు వాటంతటవే టకటకమంటూ పోయేవి. ఆ చప్పుడు జక్రాన్‌పల్లి దాకా వినిపించేదనీ, హైవే మీద లారీవాళ్లు వడగళ్లు పడుతున్నాయని బండ్లాపేవారనీ నేను అందరికీ చెప్పేవాణ్ని. ముసలమ్మ మాట ముగిసేసరికి దరఖాస్తు తయారు. ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కకముందు, తన మాట పూర్తిగా విన్న మనిషి ఒకడున్నాడన్న తృప్తి ఆమెకు మిగిలేది.

ఆ షాపు భూమన్న సేట్‌ది. జిరాక్స్, టైపింగ్, ఎస్టీడీ బూత్, మూడూ ఒకే గదిలో. చిక్కంతా అక్కడే వచ్చింది. మా దిక్కు ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. వాళ్ల భార్యలు వచ్చి, నిమిషం నిమిషానికీ మీటరు తిరుగుతుంటే, ఒక చెవి మూసుకుని గట్టిగా మాట్లాడేవాళ్లు. పక్కనే పోశెట్టన్న టకటకలు.

ఒక శనివారం సేట్ నా షాపుకొచ్చాడు.

"సత్యం, గా పోశెట్టి కీబోర్డుకు నోరు మూపియ్యాలె నువ్వు."

"ఏమైంది సేట్?"

"ఒకామె మొగనికి ఫోన్ జేసింది. గాయనకేమో ఈడ కుట్టుమిషన్ నడుస్తున్నట్టు ఇనవడ్డది. ఎవలింట్ల కూసున్నవే అని ఆమెతోని పంచాయితి పెట్టుకుండు. ఆమె నా షాపులనే ఏడ్సింది. నల్గురు గిరాకీలు ఎదురుంగున్న ఇంకో బూత్‌కు పోయిండ్రు."

"కొత్త మెంబ్రేన్ కీబోర్డు కొనుండ్రి. చప్పుడుండది."

"కొన్న. ఆయన ముట్టడు. గదే గావాలంటడు. మొండోడు. రాత్రిపూట గది షాపులనే ఉంటది. ఆయనకు జెప్పకుంట, రేపు ఐతారం నాడు పట్కపోయి చెయ్యి. సోమారం పొద్దుగాల్ల జాగల పెట్టెయ్యి."

నాకు అది పనిలా అనిపించలేదు, పందెంలా అనిపించింది. నూటొక్క వాగుడు స్విచ్చులు పీకి నూటొక్క మూగ స్విచ్చులు పెట్టడం ఆర్మూర్‌లోనే కాదు, ఆసియా ఖండంలోనే ఎవడూ చేసి ఉండడనుకున్నాను. పోశెట్టన్నకు చప్పుడు కావలసింది నిద్ర ఆపుకోవడానికే కదా, ఇంత చాయ్ తాగితే సరిపోతుంది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆదివారం పొద్దంతా షాపు షట్టర్ సగం దించి కూర్చున్నాను. సీసం పొగకు కళ్లు ఎర్రబడ్డాయి. కీక్యాపులు, అంటే అక్షరాలున్న టోపీలు, వాటిని లాగే పనిముట్టు ఆ రోజు కనిపించక స్క్రూడ్రైవర్‌తో లేపాను. అలా లేపుతుంటే కుడిచేతి చూపుడువేలు ఆనే కీ అంచు కొద్దిగా పెచ్చు లేచింది. బియ్యపుగింజలో సగమంత పదునైన పెచ్చు. దీన్ని మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. మార్చడానికి బస్తాలో టోపీలు కొల్లలు. లేచి వెతకడానికి బద్ధకించాను. గుచ్చుకుంటే ఆయనే తిట్టుకుంటూ వస్తాడు, అప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

సోమవారం పొద్దున నా ఘనకార్యం చూసుకుందామని పోయాను. పోశెట్టన్న రెండు అక్షరాలు నొక్కి ఆగిపోయాడు. మళ్లీ నొక్కాడు. వంగి చెవి దగ్గర పెట్టి నొక్కాడు.

"తమ్మీ, చప్పుడేది?"

"సేట్ తీసెయ్యమన్నడన్నా. ఇగ నీ యేళ్లకు మస్తు సుఖం. వెన్నల గుచ్చినట్టు పోతది సూడు."

ఆయన తన వేళ్లు ఒకసారి చూసుకున్నాడు. "యేళ్లకు సుఖమే," అన్నాడు. సేట్ దిక్కు ఒకసారి చూసి, ముందున్న కాగితం అందుకున్నాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక్క కంప్లైంట్ రాలేదు. రిపేరు పనిలో గిరాకీ తిరిగి రాకపోవడమే మాకు సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌ను నేను ఊరంతా చూపించుకు తిరిగాను. పెచ్చు సంగతి మరిచేపోయాను. వేలున్నవాడెవడైనా మధ్యాహ్నానికల్లా నన్ను తిట్టుకుంటూ వచ్చి ఉండాలి కదా అన్న ఆలోచన నాకు రాలేదు.

ఒకరోజు జిరాక్స్ కోసం పోతే పోశెట్టన్న కీబోర్డు మీద వంగి టైప్ చేస్తున్నాడు. ఒక్కో అక్షరం కొట్టడం, తలెత్తి స్క్రీన్ చూడటం, మళ్లీ తలొంచడం. కొట్టడమంటే మేకు దిగగొట్టినట్టు కొడుతున్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ చెప్పడం ఆపేసింది.

"ఇంటున్నవా బిడ్డా?"

"ఇంటున్న పెద్దమ్మా, జర ఆగు," అన్నాడు తలెత్తకుండానే.

కీల మీద పసుపు పేరుకుని ఉంది. ఆయన కుడిచేతి చూపుడువేలు నిండా ముద్దగా పసుపు.

"ఏందన్నా, టైపింగ్ బంద్ జేసి పసుపు యాపారం పెట్టినవా?" అన్నాను.

"సీజన్ గద తమ్మీ," అని నవ్వి, చెయ్యి టేబుల్ కిందికి తీసుకున్నాడు.

దెబ్బకు పసుపు అద్దడం మా ఇళ్లలో ప్రతివాళ్లూ చేసే పనే. కానీ ఊరు మొత్తం పసుప్పచ్చగా ఉన్నప్పుడు దెబ్బకు అద్దిన పసుపు ఏదో, గాలికి అంటిన పసుపు ఏదో ఎవరు చూస్తారు? నేను చూడలేదు. జోకు వేసి వచ్చాను.

తర్వాతి వారం సేట్ ఆ కీబోర్డును స్వయంగా మోసుకొచ్చి నా బల్ల మీద పడేశాడు.

"నీ మూగ స్విచ్చులు అక్షరాలు మింగుతున్నయ్. దరఖాస్తులన్ని తప్పులే. గాయనేమో మూన్నాల్లాయె, పత్తా లేడు."

సేట్ పోయాక కీక్యాపులు ఒక్కొక్కటే తీశాను. ఆ పెచ్చు లేచిన కీ కింద స్విచ్ చుట్టూ పసుపు గట్టిగా అట్టకట్టి ఉంది. గీకితే లోపల నల్లటి ఎరుపు. మళ్లీ పసుపు పొర, మళ్లీ నెత్తురు పొర. ఒకరోజు కారింది కాదది. రోజూ కొంచెం కొంచెంగా దిగింది. ఆ పెచ్చు మీద వేలు పెట్టి నొక్కి చూశాను. ఒక్కసారికే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఈ మనిషి నెలరోజులు దీని మీదనే మేకులు కొట్టినట్టు కొట్టాడు. నేను ఎంత పెంచి చెప్పేవాణ్నైనా, ఆ క్షణం ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడానికి నాకు ఏమీ దొరకలేదు.

షాపు మూసి మాక్లూర్ బస్సెక్కాను. వాళ్ల ఇంటి ముందు ఆయన భార్య గంగవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను ఫలానా అని చెబితే చాట పక్కన పెట్టింది.

"దవాఖానల ఉన్నడు సార్. యేలు లోపట ఎముక దాంక చీము వట్టిందట. పై కణుపు తీసేస్తమంటున్నరు."

"నెల దినాలు గంత దెబ్బ పెట్టుకొని ఎట్ల కొట్టిండమ్మా? నొయ్యలేదా?"

ఆమె వీధి దిక్కు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయన చేతులకు సోయి లేదు సార్. పెండ్లికి ముందు పెద్దరోగం వచ్చింది. ఏడాది గోళీలు మింగిండు, తక్కువైంది. ఇగ లేదు, ఎవలకు అంటది గూడ లేదని డాక్టర్ రాసిచ్చిండు. గానీ యేళ్లకు పోయిన సోయి తిరిగి రాలె. గిలాస వట్టుకున్నా సూడాలె, నీళ్లు యేడిగున్నయా సల్లగున్నయా నన్నడగాలె. గా మిషన్ టక్కుమంటెనే అచ్చరం పడ్డట్టు ఆయనకెర్క. చెవులతోనే రాస్తడు సార్ ఆయన."

పెద్దరోగమంటే మా దిక్కు కుష్టు.

"సేట్‌కు తెలిస్తే ఉంచుకోడని ఇన్నేండ్లు ఎవలకు జెప్పలె. మీరు గూడ ఎవలకు జెప్పకుండ్రి," అంది.

చెప్పనని మాటిచ్చాను.

ఆ రాత్రి కాదు, మరుసటి పొద్దున నుంచే పని మొదలుపెట్టాను. పీకేసిన వాగుడు స్విచ్చులు జాడీలోనే ఉన్నాయి కానీ సగం ఇతర కీబోర్డులకు వాడేశాను. మిగతావాటి కోసం రెండు బస్తాలు కుమ్మరించాను. చాలకపోతే చచ్చిన స్విచ్చులను విప్పాను. ఒకదాని రాగిరేకు బాగుంటుంది, ప్లంజర్ విరిగి ఉంటుంది. ఇంకోదాని ప్లంజర్ బాగుంటుంది, రేకు నల్లబడి ఉంటుంది. రెండింటినీ కలిపి ఒకటి చేశాను. ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టి నొక్కి, గట్టిగా పలికినవి మాత్రమే ఉంచాను. నూటొక్క కీక్యాపుల అంచులూ సన్నని గరుకు కాగితంతో రుద్ది, ఒక్కొక్కటీ నా చెంప మీద రాసి చూసుకున్నాను. పదిరోజులు పట్టింది. నూరు రోజులని రాయాలని ఉంది కానీ, పదే.

పోశెట్టన్న కుడి చూపుడువేలు పొట్టిదై తిరిగొచ్చాడు. వచ్చేముందే ఆయనకు మంచి చేద్దామని నేను సేట్ దగ్గరికి పోయాను. సేట్ అప్పటికే మెంబ్రేన్ కీబోర్డు మీద కొట్టే ఇంకొకాయన్ని మాట్లాడుకున్నాడు.

"పోశెట్టన్నను తీసేయకు సేట్. తప్పు నాది. గాయన ఎంత గోసపడ్డడో నీకు తెల్వదు," అన్నాను.

"ఏం గోస?"

ఇక్కడ ఆగాల్సింది. గంగవ్వకు ఇచ్చిన మాట గుర్తుంది. కానీ జాలి పుట్టిస్తే పని దక్కుతుందనుకున్నాను. జాలి ఎక్కువ పుట్టాలంటే ఎక్కువ చెప్పాలి కదా. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

"గాయన చేతులు నిప్పులల్ల పెట్టినా సోయి ఉండది సేట్. పెద్దరోగం. ఏండ్లకేండ్లు మందులు మింగిండు. వందమంది డాక్టర్లు సూసిండ్రు. గిప్పుడు సాఫ్ తక్కువైంది. గట్లాంటి మనిషి నీ షాపుల గంత పని జేసిండు."

సేట్ కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు.

"వందమంది డాక్టర్లా?"

"వందమంది."

"వందమంది సూడాల్సిన రోగమా," అన్నాడు మెల్లగా. "మరి నాకొక్క మాట జెప్పలేదేంది ఇన్నొద్దులు?"

మరునాడు పోశెట్టన్న కూర్చునే కుర్చీ షాపు బయట ఎండలో ఉంది. ఫినాయిల్ వాసన రోడ్డు మీదకు వస్తోంది. ఇది భాగించకండి, ఉన్నదే.

పోశెట్టన్న సేట్ షాపు నుంచి నేరుగా నా షాపుకు వచ్చాడు. కోపంగా లేడు. అలిసిపోయి ఉన్నాడు. నేను కీబోర్డు ముందు పెట్టి, నా కంప్యూటరుకు తగిలించాను. ఆయన మిగిలిన వేళ్లతో ఒక వరుస కొట్టాడు. టకటకమని పలికింది. కళ్లు మూసుకుని ఇంకో వరుస కొట్టాడు.

"మంచిగ జేసినవ్ తమ్మీ," అన్నాడు. కాసేపటికి, "సేట్‌కు నువ్వే జెప్పినవా?"

"చెప్పిన అన్నా. నీకు మంచిగైతదనే జెప్పిన."

"ఎంతమంది డాక్టర్లు సూసిండ్రని జెప్పినవ్?"

"వంద," అన్నాను.

ఆయన నవ్వాడు, ఇంత బాధలోనూ. "ఒక్కడే సూసిండు తమ్మీ. ఏడాదిల తక్కువైంది. గట్లనే జెప్తే సేట్ ఉంచుకునేటోడేమో."

ఆ తర్వాత ఆయన వారానికి రెండుసార్లు మాక్లూర్ నుంచి వచ్చి నా షాపులోనే టైప్ చేసేవాడు. నాకు వచ్చే గిరాకీలను బతిమాలి ఆయన ముందు కూర్చోబెట్టేవాణ్ని. కొందరు కూర్చునేవారు. కొందరు ఆయన వేలు చూసి, సేట్ షాపులో విన్నది గుర్తొచ్చి, పనుందని లేచిపోయేవారు. నా వందమంది డాక్టర్లు నాకంటే ముందే ఊరంతా తిరిగేశారు. కూర్చున్నవాళ్ల మొహంలోకి మాత్రం ఆయన మునుపటిలాగే చూసేవాడు. అలా రెండు వానాకాలాలు గడిచాయి. ఆ తర్వాత దరఖాస్తులకు అచ్చువేసిన ఫారాలు వచ్చాయి, ఖాళీలు నింపితే చాలు. టైప్ చేయడానికి ఏమీ మిగల్లేదు. ఒక వారం ఆయన రాలేదు. మరుసటి వారమూ రాలేదు. నేను మాక్లూర్ పోయి అడిగితే, "ఇగ బస్సు కిరాయి దండుగ గద తమ్మీ," అన్నాడు. గంగవ్వ లోపలి నుంచి బయటికి రాలేదు.

కీబోర్డు నా దగ్గరే ఉంది. దాని వైరు కొత్త కంప్యూటర్లకు తగలదు. ఒక్కోసారి పసుపు దుమ్ము దులిపి ఒక కీ నొక్కి చూస్తాను. టక్కుమంటుంది.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు అలవాట్లు వచ్చాయి. గిరాకీ ఏదైనా వింతగా అడిగితే, ఎందుకని అడిగి, జవాబు వచ్చేదాకా స్క్రూడ్రైవర్ పట్టను. చేసిన పనికి కంప్లైంట్ రాకపోతే సంతోషించను, నేనే పోయి చూసొస్తాను. వందమంది డాక్టర్ల అలవాటు మాత్రం పోలేదు, ఈ కాగితాల నిండా మీరు చూశారు.

ఇక ఒప్పుకుంటానన్న సంగతి. కండక్టర్ అర టికెట్టు, లారీలు ఆగడం, ఇవన్నీ పెంచినవి, వాటిని మీరే భాగించుకుని ఉంటారు. నేను పుట్టించింది అది కాదు. పోశెట్టన్న మొదటిసారి వచ్చి, ఆ టక్కు పోవద్దన్నప్పుడు, ఎందుకన్నా అని నేను అడిగాననీ, నిద్ర వస్తదని ఆయన నవ్వుతూ చెప్పాడనీ రాశాను. నేను అడగలేదు. ఆయన ఆ మాట అనలేదు, చాయ్ తాగితే సరిపోతుందన్న నా తీర్పూ దానితోపాటే పుట్టించింది. ఆయన చప్పుడు పోవద్దని చెబుతుంటే నేను సీసం చుట్ట విప్పుకుంటూ, తలెత్తకుండా, "సరే అన్నా," అన్నాను. ఆయన వెంటనే వెళ్లలేదు. నా బల్ల పక్కన కాసేపు నిలబడ్డాడు.